రోసెల్లా కేసు: నౌకల బహిష్కరణకు చట్టం గీసిన గీత

2003 నవంబర్ 6న లండన్‌లోని అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య, అంటే ఐటీఎఫ్, తన అనుబంధ సంఘాలన్నిటికీ ఒక సర్క్యులర్ పంపింది. ఫిన్లండ్‌కు చెందిన వైకింగ్ లైన్ కంపెనీ తన ‘రోసెల్లా’ నౌకకు జెండా మార్చాలనుకుంటోందని, నౌక అసలు యజమానులు ఫిన్లండ్‌లోనే ఉన్నారు కాబట్టి సిబ్బంది తరఫున బేరమాడే హక్కు ఫిన్లండ్ నావికుల సంఘానిదేనని, మరే సంఘమూ ఆ కంపెనీతో చర్చలకు కూర్చోవద్దని అందులోని సారాంశం. ఆ రోజుకు ఏ రేవులోనూ పని ఆగలేదు. ఏ కార్మికుడూ సరుకు ముట్టనని అనలేదు. అయినా వైకింగ్ పథకాన్ని ఆ కాగితమే కట్టిపడేసింది. తర్వాత హెల్సింకీ నుంచి లండన్‌కు, అక్కడి నుంచి లక్సెంబర్గ్‌కు నడిచిన వ్యాజ్యానికి మూలం కూడా అదే.

నేను విశాఖపట్నంలో నావికుల, రేవు కార్మికుల కేసులు చూసే న్యాయవాదిని. నా దగ్గర పని నేర్చుకునే జూనియర్లకూ, సలహా కోసం వచ్చే సంఘాల కార్యదర్శులకూ ముందుగా చదవమని ఇచ్చే కేసు ఇది. నా అభిప్రాయం మొదటే చెబుతాను. ఫిన్లండ్ సంఘం తన సభ్యుల కొలువుల కోసం చేసినంత వరకు న్యాయమైన పోరాటమే చేసింది. ఆ పోరాటం చట్టం ముందు బలహీనపడింది జెండా దగ్గర. మన తీరం నుంచి విదేశీ నౌకలెక్కే వాళ్లకు ఈ తేడా బతుకుతెరువుకు సంబంధించినది.

నౌక, జీతాలు, జెండా

నౌక ఏ దేశంలో రిజిస్టరైతే ఆ దేశపు జెండా ఎగరేస్తుంది, దాని మీద ఆ దేశపు చట్టం నడుస్తుంది. యజమాని ఒక దేశంలో ఉండి, పన్నులూ జీతాలూ తగ్గించుకోవడానికి మరో దేశపు జెండా తెచ్చుకుంటే దాన్ని ఫ్లాగ్ ఆఫ్ కన్వీనియన్స్ అంటారు. ఇక్కడ అద్దె జెండా అని రాస్తాను. పనామా, లైబీరియా, మార్షల్ దీవులు ఇందులో పెద్ద పేర్లు. సముద్రమే లేని మంగోలియాకు కూడా నౌకల రిజిస్టర్ ఉంది. 1948లో ఓస్లో మహాసభలో ఐటీఎఫ్ ఈ జెండాల మీద పోరాటం ప్రకటించింది. యాభై ఏళ్ల తర్వాత, 1998లో మన న్యూఢిల్లీలో జరిగిన మహాసభలో ఆ విధానాన్ని సమీక్షించి మళ్లీ ఖరారు చేసుకుంది.

ఆ విధానానికి రెండు లక్ష్యాలున్నాయి. యజమాని దేశానికీ జెండాకూ నిజమైన సంబంధం ఉండేలా చేసి అద్దె జెండాలను లేకుండా చేయడం ఒకటి. ఆ జెండాల కింద పనిచేస్తున్న నావికుల జీతాలూ పని పరిస్థితులూ మెరుగుపరచడం రెండోది. రెండూ ఒకే పోరాటంలా వినిపిస్తాయి, చాలాసార్లు ఒకటిగానే నడుస్తాయి కూడా. ఐటీఎఫ్ బలమంతా రేవు కార్మికుల్లో ఉంది. నౌక మీది సిబ్బంది మాట పెగల్చలేని చోట, లంగరు వేసిన రేవులో సరుకు దించేవాళ్లు చేతులు కట్టుకు నిలబడితే యజమాని దిగి వస్తాడు. నౌకను బహిష్కరించడమంటే ఇదే. రోజుకింత అని ఖర్చు లెక్కపెట్టుకునే నౌక ఒక రేవులో ఇరుక్కుపోతే, సిబ్బందికి ఇవ్వాల్సిన బకాయి కంటే నష్టమే ఎక్కువవుతుంది.

రోసెల్లా 1980లో కట్టిన ప్రయాణికుల నౌక. ఫిన్లండ్ రాజధాని హెల్సింకీకీ ఎస్టోనియా రాజధాని టాలిన్‌కూ మధ్య తిరిగేది. ఫిన్లండ్ జెండా కింద ఉన్నంతకాలం సిబ్బందికి ఫిన్లండ్ స్థాయి జీతాలే ఇవ్వాలి. చట్టమూ, వేతన ఒప్పందమూ అదే చెబుతాయి. అదే దారిలో తిరిగే ఎస్టోనియా నౌకలకు ఆ భారం లేదు. రోసెల్లా నష్టాల్లో పడింది. 2003 అక్టోబర్‌లో కంపెనీ ఒక నిర్ణయానికొచ్చింది: తన అనుబంధ కంపెనీ ఉన్న ఎస్టోనియాలోనో, నార్వేలోనో నౌకను రిజిస్టర్ చేయించి, అక్కడి సంఘంతో కొత్త వేతన ఒప్పందం చేసుకోవాలి.

ఎస్టోనియా జెండాకు పనామా జెండాకున్న చెడ్డపేరు లేదు. కానీ ఐటీఎఫ్ నిర్వచనం జెండా పేరును చూడదు, యజమాని ఎక్కడున్నాడో చూస్తుంది. యజమాని ఫిన్లండ్‌లో, జెండా ఎస్టోనియాలో ఉంటే నిర్వచనం ప్రకారం అది అద్దె జెండాయే. దాంతో ఫిన్లండ్ సంఘం నవంబర్ 4న ఐటీఎఫ్‌కు ఈమెయిల్ పంపడం, రెండు రోజుల్లో సర్క్యులర్ వెలువడటం జరిగిపోయాయి.

సర్క్యులర్ ఎందుకంత పదునైందో కొత్తవాళ్లు గ్రహించాలి. కంపెనీ పథకం నెరవేరాలంటే ఎస్టోనియాలో ఒక సంఘం ఒప్పందం మీద సంతకం పెట్టాలి. ఐటీఎఫ్ అనుబంధ సంఘాలకు సంఘీభావ నియమం ఉంది. దాన్ని మీరితే చర్యలు తప్పవు, చివరికి సమాఖ్య నుంచి తొలగించడం వరకు వెళ్లవచ్చు. అప్పటికి ఆ సమాఖ్యలో 140 దేశాలకు చెందిన 600 సంఘాలున్నాయి. సంతకం పెట్టే చేయి లేకపోతే తక్కువ జీతపు ఒప్పందమే పుట్టదు.

సమ్మె నోటీసు

రోసెల్లా సిబ్బంది సంఖ్యకు సంబంధించిన ఒప్పందం 2003 నవంబర్ 17తో ముగిసింది. ఒప్పందం అమల్లో ఉన్నంతవరకు సమ్మె చేయకూడదన్న కట్టుబాటు కూడా దానితో పోయింది. సంఘం ఆ తేదీ కోసమే కాచుకుని నోటీసు ఇచ్చింది. ఇది చక్కని వృత్తి నైపుణ్యం, మెచ్చుకోవాలి. నోటీసులో రెండు కోర్కెలున్నాయి: సిబ్బందిని ఎనిమిది మంది పెంచాలి, జెండా మార్పు ఆలోచన వదులుకోవాలి. ఎనిమిది మందికి కంపెనీ ఒప్పుకుంది. రెండోదానికి ఒప్పుకోలేదు.

మర్నాడు, అంటే 18న, సంఘం ఇంకో ఉత్తరం రాసింది. ఏ జెండా ఉన్నా సిబ్బందికి ఫిన్లండ్ చట్టమూ ఫిన్లండ్ వేతన ఒప్పందమూ వర్తించాలని, జెండా మార్పు వల్ల ఎవరి ఉద్యోగమూ పోకూడదని, ఒప్పుకోని మార్పులేవీ పని షరతుల్లో రాకూడదని అడిగింది. రెండు ఉత్తరాలనూ పక్కపక్కన పెట్టి చదవండి. మొదటిది జెండాను అడ్డుకుంటోంది. రెండోది మనుషులను కాపాడుతోంది. రెండో ఉత్తరం ఒక్కటే రాసి ఉంటే కేసు దారి మరోలా ఉండేదని నా నమ్మకం. అయితే ఫిన్లండ్ జీతాలే ఇవ్వాల్సి వస్తే జెండా మార్చడంలో కంపెనీకి అర్థమే ఉండదని సంఘానికి బాగా తెలుసునని ఎదుటి పక్షం వాదించింది. అది నిజం కూడా. పైగా ఫిన్లండ్ జెండా వదిలితే ఆ ప్రభుత్వం తన నౌకలకిచ్చే సాయం కూడా కంపెనీకి పోతుంది.

కంపెనీ హెల్సింకీలో కార్మిక న్యాయస్థానానికీ, ఆ తర్వాత జిల్లా కోర్టుకూ వెళ్లింది. సమ్మె డిసెంబర్ 2న మొదలవ్వాలి. రాజీ చర్చల్లో తొలిదశలోనే కంపెనీ ఒక మాట ఇచ్చింది: జెండా మార్పు వల్ల ఎవరినీ తొలగించబోమని. ఈ మాటను గుర్తుపెట్టుకోండి, తీర్పులో మళ్లీ వస్తుంది. అయినా ఐటీఎఫ్ సర్క్యులర్‌ను వెనక్కి తీసుకోలేదు. చివరికి డిసెంబర్ 2నే కంపెనీ దిగివచ్చింది. కోర్టు దరఖాస్తులు వదులుకుంది, 2005 ఫిబ్రవరి 28కి ముందు జెండా మార్పు ప్రయత్నం చేయనని రాసిచ్చింది.

ఇక్కడికి సంఘానిదే విజయం. ఒక్క రోజు కూడా సమ్మె చేయకుండా సాధించిన విజయం.

లండన్ నుంచి లక్సెంబర్గ్

2004 మే 1న ఎస్టోనియా యూరోపియన్ యూనియన్‌లో చేరింది. దాంతో వైకింగ్ చేతికి అంతకు ముందు లేని ఆయుధం దొరికింది. ఒక సభ్యదేశపు కంపెనీ మరో సభ్యదేశంలో వ్యాపారం నెలకొల్పుకోవచ్చని అప్పటి యూరోపియన్ కమ్యూనిటీ ఒడంబడిక 43వ అధికరణం హామీ ఇచ్చింది. సర్క్యులర్ ఇంకా అమల్లోనే ఉంది, నౌక ఇంకా నష్టాల్లోనే ఉంది. ఆగస్టు 18న కంపెనీ లండన్ హైకోర్టుకెక్కింది. ఫిన్లండ్ కంపెనీ, ఫిన్లండ్ సంఘం, ఎస్టోనియా జెండా ఉన్న తగాదా లండన్‌లో ఎందుకంటే, ఐటీఎఫ్ ప్రధాన కార్యాలయం అక్కడ ఉంది. సంఘం చిరునామా ఎదుటివాడికి కోర్టును ఎంచుకునే వీలు కల్పిస్తుందని చాలామంది నాయకులకు తోచదు.

2005 జూన్ 16న హైకోర్టు కంపెనీ పక్షాన ఉత్తర్వు ఇచ్చింది. ఐటీఎఫ్, ఫిన్లండ్ సంఘం అప్పీలుకు వెళ్లాయి. అప్పీలు కోర్టు తానే తేల్చకుండా పది ప్రశ్నలు రాసి లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ న్యాయస్థానానికి పంపింది. 2007 డిసెంబర్ 11న తీర్పొచ్చింది.

తీర్పు మొదట సంఘాలకు ఒక చేయి అందించింది. సమ్మె హక్కుతో సహా సామూహిక చర్య ప్రాథమిక హక్కేనని యూరోపియన్ న్యాయస్థానం ఒప్పుకుంది. వెంటనే రెండో చేత్తో షరతులు పెట్టింది. వ్యాపార స్వేచ్ఛకు అడ్డంగా నిలిచే చర్య కాబట్టి సంఘం దాన్ని సమర్థించుకోవాలి. కార్మికుల ఉద్యోగాలకో పని షరతులకో నిజంగా తీవ్రమైన ముప్పు ఉండాలి. ఎంచుకున్న చర్య ఆ ముప్పును ఆపడానికి పనికొచ్చేదై ఉండాలి. అవసరానికి మించకూడదు. అంతకంటే తక్కువ అడ్డంకి కలిగించే మార్గాలు సంఘానికి ఉన్నాయా, చర్యకు దిగే ముందు వాటన్నిటినీ ప్రయత్నించిందా అని కూడా జాతీయ కోర్టు చూడాలి.

కంపెనీ ఇచ్చిన మాట ఇక్కడే ముందుకొచ్చింది. ఎవరినీ తొలగించబోమన్న హామీకి వేతన ఒప్పందంతో సమానమైన చట్టబద్ధత ఉంటే ఉద్యోగాలకు ముప్పు లేనట్టే. ఉత్తినే నోటిమాటైతే ముప్పు ఉన్నట్టే. ఆ హామీకి ఉన్న చట్టబద్ధత ఎంతో తమ ముందున్న కాగితాల్లో స్పష్టంగా లేదని న్యాయమూర్తులు రాశారు, తేల్చే పని అప్పీలు కోర్టుకు వదిలారు.

ఫిన్లండ్ సంఘానికి అలా తలుపు తెరిచే ఉంచారు. ఐటీఎఫ్ సర్క్యులర్‌కు దాదాపు మూసేశారు. యజమాని తన దేశంలో తప్ప మరెక్కడా నౌకను రిజిస్టర్ చేయకుండా ఆపేంత వరకు ఆ విధానాన్ని సమర్థించడం కుదరదన్నారు. దానికి చూపిన కారణం న్యాయవాదిగా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. సభ్య సంఘం అడిగితే చాలు, కార్మికులకు హాని జరుగుతుందా లేదా అన్నదానితో పని లేకుండా ఐటీఎఫ్ సంఘీభావ చర్యకు పిలుపునివ్వాలి. అంటే నౌక ఇంకా మెరుగైన కార్మిక రక్షణలున్న దేశానికి మారినా ఇదే నియమం వర్తిస్తుంది. విచారణలో వైకింగ్ ఈ వాదన చేసింది, ఐటీఎఫ్ దాన్ని కాదనలేదని తీర్పే నమోదు చేసింది. తన విధానం అలాంటి నౌకకు వర్తించదని అక్కడ చెప్పగలిగే వీలు ఐటీఎఫ్‌కు లేదు. విధానపు రాత అలా ఉంది మరి.

తీర్పులో నాకు మింగుడు పడనిది

సమ్మెకు ముందు మిగతా దారులన్నీ వాడి చూశావా అని కోర్టు సంఘాన్ని అడగవచ్చు. జెండా మార్చకుండా నష్టం తగ్గించుకునే దారులన్నీ వెతికావా అని కంపెనీని మాత్రం ఎవరూ అడగలేదు. భారమంతా ఒక పక్షం మీదే పడింది. అసలు సమ్మె అంటేనే ఎదుటివాడికి నష్టం కలిగించి ఒప్పించడం. ఎంత నష్టం అవసరమో కోర్టు తరువాత లెక్కగడుతుందంటే, ముందుగా నోటీసు మీద సంతకం పెట్టే కార్యదర్శి చేయి వణుకుతుంది.

ఆ వణుకు ఎంత దూరం పోయిందో 2008లో కనిపించింది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ పైలట్ల సంఘం తలపెట్టిన సమ్మెను ఆపడానికి ఆ సంస్థ ఈ తీర్పునే చూపింది, రోజుకు 10 కోట్ల పౌండ్ల నష్టపరిహారం అడుగుతామంది. సంఘం వెనక్కి తగ్గింది. సంఘాన్నే దివాలా తీయించగల ఇలాంటి బెదిరింపు ఉంటే సమ్మె హక్కు వాడుకోవడమే అసాధ్యమవుతుందని అంతర్జాతీయ కార్మిక సంస్థ నిపుణుల సంఘం 2010లో ఆందోళన తెలిపింది. నార్వేలోని డ్రామెన్ రేవులో కార్మికులు తలపెట్టిన బహిష్కరణను ఆ దేశపు సుప్రీంకోర్టు 2016లో ఇదే తరహా తర్కంతో చట్టవిరుద్ధమంది. ఆ కేసులో 2021లో స్ట్రాస్‌బర్గ్ మానవ హక్కుల కోర్టు నార్వే తీర్పును కొట్టేయలేదు గానీ, సంఘ హక్కును వ్యాపార స్వేచ్ఛతో సమానంగా తక్కెడలో వేసి తూయడం సరికాదని హెచ్చరించింది. ఆ హెచ్చరికను ఎవరైనా గట్టిగా వాడుకుంటారని ఎదురుచూస్తున్నాను.

రోసెల్లా కేసు మాత్రం ముగింపు లేకుండానే ముగిసింది. 2008 మార్చిలో ఇరుపక్షాలు కోర్టు బయట రాజీ పడ్డాయి, షరతులు గోప్యంగా ఉంచుకున్నాయి. ఉద్యోగాలకు నిజంగా ముప్పు ఉందా అన్న ప్రశ్నకు ఏ కోర్టూ జవాబు చెప్పలేదు. రోసెల్లాను స్వీడన్ జెండాతో మరో దారికి మార్చారు. హెల్సింకీ-టాలిన్ దారిలోకి వైకింగ్ ఎక్స్‌పీఆర్‌ఎస్ అనే కొత్త నౌక అదే స్వీడన్ జెండాతో వచ్చింది. 2014లో దానికి ఎస్టోనియా జెండా ఎగిరింది. 2003లో అనుకున్న మార్పు ఆ దారిలో పదేళ్లు ఆలస్యమైంది. ఆ పదేళ్ల జీతాలు ఎందరో నావికుల ఇళ్లు నిలబెట్టాయి. తీర్పు ఓటమి అనేవాళ్లు ఈ లెక్కను కూడా చూడాలి.

మన తీరం నుంచి చూస్తే

ఈ కేసు కాగితాల్లో ఒక మనిషి ఎక్కడా మాట్లాడడు: రోసెల్లాలో చేరబోయే ఎస్టోనియా నావికుడు. అతని సంఘానికి చర్చలకు కూర్చోవద్దని లండన్ నుంచి ఉత్తరం వచ్చింది. అతనికి ఏ జీతం కావాలో ఎవరూ అడగలేదు. మన పిల్లలు చాలాసార్లు ఉండేది అతని స్థానంలోనే.

2022 మార్చి 17న బ్రిటన్‌లో పీ అండ్ ఓ ఫెర్రీస్ దాదాపు 800 మంది సిబ్బందిని ఒక్క రోజులో తీసేసి ఏజెన్సీ మనుషులను ఎక్కించింది. వాళ్లలో భారతీయులున్నారు. గంటకు సగటున 5.50 పౌండ్లు ఇస్తున్నామని కంపెనీ అధిపతి పార్లమెంటు కమిటీకి చెప్పారు. అప్పటి బ్రిటన్ కనీస వేతనం 8.91 పౌండ్లు. సంఘంతో ముందుగా సంప్రదించాలన్న చట్టాన్ని తెలిసే ఉల్లంఘించామని కూడా అక్కడే ఒప్పుకున్నారు. ఈ వార్త చదివినప్పుడు మన మనుషుల మీద కోపం తెచ్చుకోవడం అన్యాయం. నౌకలకు సిబ్బందిని సమకూర్చే మ్యానింగ్ ఏజెంటుకు అప్పు చేసి డబ్బు కట్టి, సీడీసీ అనే నావికుడి గుర్తింపు పుస్తకం చేతపట్టుకుని నెలల తరబడి ఎదురుచూసే కుర్రాడికి ఆ నౌకలో ఎవరి కొలువు పోయిందో తెలియదు. అతని పొట్ట కొట్టకుండా తొలగించినవారికి న్యాయం జరగాలంటే కోరిక ఒకటే కావాలి: ఆ నౌక మీద ఏ దేశపువాడు పనిచేసినా అదే జీతం. విదేశీ సిబ్బందిని దించేయండి అని అడిగితే యజమానికి పెద్దగా పోయేదేమీ లేదు, మరో దేశం నుంచి మరొకరిని తెచ్చుకుంటాడు. అందరికీ ఒకే జీతం అని అడిగితే జెండా మార్చడానికి ఉన్న ఆశే పోతుంది. ఐటీఎఫ్ రెండో లక్ష్యం ఇదే. అనేక రేవుల్లో మన నావికులకు బకాయిలు ఇప్పించింది కూడా ఈ రెండో లక్ష్యమే.

అందుకే విశాఖలో నేను సంఘాలకు రాసిచ్చే నోటీసుల్లో జెండా మాట కోరికల్లోకి రానివ్వను. నౌక వివరాల్లో రాస్తాను, అంతే. కోరికల్లో జీతం, ఓవర్‌టైమ్, తిండి, ఇంటికి తిరుగు ప్రయాణం, ఒప్పందం గడువు ఉంటాయి. వాటికి ఆధారంగా జీతపు చీటీలు, ఉద్యోగ ఒప్పందం నకలు, నౌకలో రాసుకున్న పని గంటల పట్టిక జతచేస్తాను. ముప్పు తీవ్రమైనదని చెప్పడానికి విశేషణాలు పనికిరావు, నెల నెలా ఎంత ఆగిందో చూపాలి.

‘మిగతా దారులు వాడావా’ అన్న ప్రశ్న మన దగ్గరా ఏదో ఒక రోజు వస్తుందనుకునే పని చేయాలి. మనకు ఆ దారులున్నాయి. నావికుల హక్కుల ఒడంబడికను, అంటే 2006 నాటి మారిటైమ్ లేబర్ కన్వెన్షన్‌ను, భారత్ 2015లో ఆమోదించింది. దాని కింద విదేశీ నౌక సిబ్బంది కూడా మన రేవులో అధికారులకు ఫిర్యాదు ఇవ్వవచ్చు. బకాయి జీతాలకు 2017 నాటి అడ్మిరాల్టీ చట్టం, అంటే నౌకల మీది దావాల చట్టం, కింద హైకోర్టులో దావా వేసి నౌకను అరెస్టు చేయించవచ్చు, అంటే రేవు దాటకుండా ఆపించవచ్చు. జీతాల బకాయికి నౌక మీద మొదటి హక్కు ఉంటుంది, ఆ హక్కు రెండేళ్ల వరకు నిలుస్తుంది. ఒక లోపం మాత్రం ఉంది. ఒప్పుకున్న జీతం ఎగ్గొట్టినప్పుడే ఆ దావా పనికొస్తుంది. ఒప్పందమే తక్కువ జీతానికి రాయించుకుంటే కోర్టు ఇప్పించగలిగేది ఏమీ లేదు. అక్కడ రేవు కార్మికుల సంఘీభావం తప్ప వేరే బలం లేదు. బహిష్కరణను ఆ చోటు కోసం దాచుకోవాలి. ఫిర్యాదు ఇచ్చిన తేదీ, జవాబు రాని తేదీ, దావా ఎందుకు సరిపోదో చెప్పే ఒక పేరా నోటీసులో చేర్చాలి.

మిగిలింది కంపెనీ ఇచ్చే మాట. చర్చల మధ్యలో ‘ఎవరినీ తీసేయం’ అని మేనేజరు అన్న క్షణంలోనే ఆ వాక్యాన్ని కాగితం మీద పెట్టించి, కంపెనీ ముద్రతో, సిబ్బంది ఒప్పందానికి అనుబంధంగా సంతకం చేయించమని చెబుతాను. సంతకం పెడితే సిబ్బందికి రక్షణ దొరికినట్టే, బహిష్కరణ అవసరం కూడా తీరిపోవచ్చు. పెట్టనంటే, అడిగిన ఉత్తరాన్నీ నిరాకరించిన తేదీనీ ఫైలులో భద్రపరచాలి. లక్సెంబర్గ్ న్యాయమూర్తులు వెతికి దొరకలేదన్న సాక్ష్యం అదే.